సంతకం అయ్యాక మొదలయ్యే పని

2025 సెప్టెంబరు 17న రియాద్‌లో సౌదీ అరేబియా, పాకిస్తాన్ ఒక రక్షణ ఒప్పందం చేసుకున్నాయి. సంయుక్త ప్రకటనలో అందరి కళ్ళూ పడ్డ వాక్యం ఒకటే: ఇద్దరిలో ఎవరి మీద దాడి జరిగినా అది ఇద్దరి మీదా జరిగినట్టే. టీవీ చర్చల్లో అది విదేశాంగ విధానం. ఉమ్మడి కడప జిల్లాలో అది ఇంటి సంగతి. రాయచోటి, రాజంపేట చుట్టుపక్కల గల్ఫ్‌లో మనిషి లేని వీధి కోసం వెతుక్కోవాలి. "ఇంక సౌదీ మనకు శత్రుదేశమే" అన్న మాట వాట్సాప్‌లో ఒక గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకు తిరిగింది. రాయచోటిలో టికెట్లు చేసే ఒక ఆఫీసులో ఒక పెద్దామె కౌంటరు దగ్గరి పిల్లోణ్ణి అడిగింది: "మావోడు రియాద్‌లో డ్రైవరు పని చేస్తాండాడు నాయనా. వాళ్ళూ వాళ్ళూ ఒకటైపాయ గదా, మనోళ్ళని ఆడ ఉండనిస్తారా?" ఆ పిల్లోడు "ఏం కాదులే అవ్వా, కాగితమే గదా" అన్నాడు.

భయపడ్డామెదీ తప్పు కాదు, ధైర్యం చెప్పినవాడిదీ తప్పు కాదు. కానీ ఇద్దరూ చూసింది ఆ వాక్యాన్నే. ఉమ్మడి రక్షణ విధానం అనేది వాక్యంలో ఉండదు. సంతకాలయ్యాక ఎవరు ప్రణాళిక వేస్తారు, ఎవరి సైనికులు ఎవరి ఆజ్ఞ కింద నడుస్తారు, బిల్లు ఎవరు కడతారు, ఒకరి తుపాకీలో ఇంకొకరి గుండు పడుతుందా అన్న నాలుగు పనుల్లో ఉంటుంది. ఈ నాలుగూ లేని ఒప్పందం ఎంత గట్టి మాటలతో రాసినా అవసరం పడ్డ రోజున చేతికి అందదు. అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటో, యూరోపియన్ యూనియన్ల డెబ్బై అయిదేళ్ళ చరిత్రలో దీనికి కావలసినంత రుజువు ఉంది. అంతకన్నా ముందు మన జిల్లా వాళ్ళ అనుభవంలోనే ఉంది.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. ఎడారి దాటి అమ్మాన్ చేరి, అక్కడి నుంచి ఎయిరిండియా విమానాల్లో ఇళ్ళకు తిరిగొచ్చిన భారతీయులు సుమారు 1,70,000 మంది. మన వైపు వాళ్ళు అందులో ఎందరో. అప్పటికి కువైట్‌కు రక్షణగా కాగితం మీద ఏముందో చూడండి. అరబ్ లీగ్ 1950లోనే ఉమ్మడి రక్షణ ఒప్పందం రాసుకుంది. సభ్యుల్లో ఒకరి మీద దాడి అందరి మీదా దాడే అని అందులో స్పష్టంగా ఉంది. దాడి చేసిన ఇరాక్, దాడికి గురైన కువైట్ రెండూ అరబ్ లీగ్ సభ్యులే. ఆగస్టు 10న కైరోలో నాయకులు కూర్చుని సైన్యం పంపే విషయం ఓటుకు పెడితే 21 దేశాల్లో 12 ఔనన్నాయి. పైగా గల్ఫ్ సహకార మండలికి 'ద్వీపకల్ప కవచం' పేరుతో ఉమ్మడి దళం కూడా ఉంది. సౌదీ ఈశాన్యాన హఫర్ అల్ బాతిన్ దగ్గర అయిదు వేల మంది. ఇరాక్ లాంటి సైన్యాన్ని ఆపడానికి ఆ దళాన్ని తయారు చెయ్యలేదు, దానికి తగ్గ ప్రణాళికా లేదు. కువైట్ ఒకటి రెండు రోజుల్లోనే చేజారిపోయింది.

## మెత్తని వాక్యం, గట్టి యంత్రాంగం

నాటో ఐదో అధికరణం గురించి విననివాళ్ళు లేరు. దాన్ని పూర్తిగా చదివినవాళ్ళు తక్కువ. ఒకరి మీద దాడి అందరి మీదా దాడి అన్నంతవరకు బాగానే ఉంటుంది. ఆ తర్వాత ప్రతి సభ్యదేశం "తనకు అవసరమని తోచిన చర్య" తీసుకుంటుంది అని ఉంది. ఆ చర్యలో సైనిక బలం ఉండొచ్చు, ఉండాలని లేదు. 1949లో అమెరికా సెనేట్ యుద్ధం ప్రకటించే అధికారాన్ని తన చేతి నుంచి జారనివ్వదు కాబట్టి అలా రాయక తప్పలేదు. మాటగా చూస్తే అది మెత్తని వాక్యం.

యూరోపియన్ యూనియన్ ఒడంబడికలో 42వ అధికరణం 7వ క్లాజు దానికన్నా గట్టిది. సభ్యదేశం మీద దాడి జరిగితే మిగతావాళ్ళు "తమ శక్తిలో ఉన్న అన్ని మార్గాల్లో" సాయపడే బాధ్యత ఉంది అంటుంది. తోచిన చర్య అనే వెసులుబాటు అందులో లేదు.

రెండూ ఒక్కొక్కసారే పరీక్షకు నిలిచాయి. 2001 సెప్టెంబరు 12న నాటో ఐదో అధికరణాన్ని అమల్లోకి తెచ్చింది. అక్టోబరులో నాటో రాడార్ విమానాలు ఏడు అమెరికా ఆకాశంలో గస్తీకి వెళ్ళాయి. అవాక్స్ అనే ఆ విమానాలు ఏ ఒక్క దేశానివీ కావు. జర్మనీలోని గైలెన్‌కిర్షెన్ స్థావరం నుంచి నడిచే నాటో సొంత విమానాలు. 13 దేశాల సిబ్బంది కలిసి వాటిని 2002 మే దాకా నడిపారు. ఒకే రేడియో పద్ధతి, ఒకే శిక్షణ, ఒకే ఇంధన నాజిల్ కాబట్టి జర్మన్ పైలట్, కెనడా ఆపరేటర్ ఒకే విమానంలో పని చెయ్యగలిగారు.

2015 నవంబరులో పారిస్ దాడుల తర్వాత ఫ్రాన్స్ ఆ 42(7) క్లాజు కింద సాయం అడిగింది. అందరూ ఏకగ్రీవంగా సరే అన్నారు. ఆ తర్వాత? సాయాన్ని లెక్కగట్టి పంచే కార్యాలయం లేదు, ఎవరి దగ్గర ఏముందో చూసి పిలిచే కమాండ్ లేదు. ఫ్రాన్స్ ఒక్కొక్క దేశంతో విడివిడిగా మాట్లాడుకుంది. జర్మనీ ఒక యుద్ధనౌక, నిఘా విమానాలు ఇచ్చింది, ఆఫ్రికాలోని మాలీకి ఇంకొంత సైన్యం పంపింది. మిగతావాళ్ళు తమకు వీలైనది. గట్టిగా రాసిన వాక్యం తీరా ద్వైపాక్షిక బేరాల దగ్గర తేలింది. మెత్తగా రాసినదాని వెనక గైలెన్‌కిర్షెన్ లాంటివి ఎన్నో ఉన్నాయి.

నాటోకు కూడా అవి పుట్టుకతో రాలేదు. 1949 ఏప్రిల్ 4న సంతకాలైనప్పుడు ఉమ్మడి కమాండ్ అన్నదే లేదు, కమిటీలు ఉన్నాయి. 1950 జూన్‌లో కొరియా యుద్ధం మొదలైంది, కాగితం చాలదన్న భయం పట్టుకుంది. అమెరికా జనరల్ ఐసెన్‌హోవర్‌ను సర్వసేనానిగా పిలిచి, 1951 ఏప్రిల్‌లో ఆయన ప్రధాన కార్యాలయాన్ని తెరిచారు. సంతకానికీ సైనిక నిర్మాణానికీ మధ్య రెండేళ్ళు. ఆ పదవిలో ఇవాళ్టిదాకా అమెరికా సైనికాధికారే కూర్చుంటున్నాడు.

ఆ నిర్మాణంలో బయటికి అస్సలు కనపడనిదీ, చాలా విలువైనదీ ఒకటుంది: రక్షణ ప్రణాళికా ప్రక్రియ. నాలుగేళ్ళకోసారి తిరుగుతుంది. ఏయే ప్రమాదాలకు సిద్ధపడాలో రాజకీయ నాయకత్వం చెబుతుంది. దానికి మొత్తం ఎన్ని బ్రిగేడ్లు, ఎన్ని ఇంధనం నింపే విమానాలు, ఎన్ని ఫీల్డ్ ఆసుపత్రులు కావాలో సైనిక కమాండ్లు లెక్క తీస్తాయి. ఆ మొత్తాన్ని దేశాల వారీగా పంచుతారు. నీ వాటా ఇన్ని, ఫలానా ఏడాదికి సిద్ధం చెయ్యి అని లక్ష్యాలు ఇస్తారు. తర్వాత ఎవరు ఎంత చేశారో సమీక్షిస్తారు. నాటోలో అన్నీ ఏకాభిప్రాయంతోనే జరుగుతాయి గదా, తనకిచ్చిన బరువైన లక్ష్యాన్ని ఒక దేశం వద్దంటే ఆగిపోదా? ఆగదు. ఇక్కడ మాత్రం 'ఒకటి మినహా ఏకాభిప్రాయం' నడుస్తుంది. ఎవరి లక్ష్యం మీద చర్చ జరుగుతోందో ఆ దేశానికి అడ్డుపడే హక్కు ఉండదు. మిగతా 31 దేశాలూ ఒప్పుకుంటే అది నిలుస్తుంది. అమలు చెయ్యమని బలవంతం పెట్టే పోలీసు లేడు, నిజమే. కానీ బల్ల చుట్టూ అందరి ముందూ ప్రతిసారీ వెనకబడ్డవాడిగా కూర్చోవడం ఏ ప్రభుత్వానికీ సుఖంగా ఉండదు.

## చాద్‌కు దారి

యూరోపియన్ యూనియన్ సొంతంగా సైన్యాన్ని పంపాలంటే ఏం జరుగుతుందో ఒక్కసారి దగ్గర నుంచి చూస్తే 'యూరప్ సైన్యం' అనే మాటను తేలిగ్గా వాడలేం. ఆరు దేశాలు ఒకే సైన్యం, ఒకే బడ్జెట్ అంటూ 1952లో సంతకాలు చేసిన ఒప్పందాన్ని 1954 ఆగస్టు 30న ఫ్రెంచ్ పార్లమెంటే తిరగ్గొట్టింది. ఆ మాట మళ్ళీ ఎత్తడానికి 1998 డిసెంబరు దాకా పట్టింది. బ్రిటన్ ప్రధాని బ్లెయిర్, ఫ్రాన్స్ అధ్యక్షుడు షిరాక్ ఫ్రెంచ్ పట్టణం సాన్ మాలోలో కలిసి, నాటో కదలనప్పుడు యూరప్ తానే కదలగలగాలి అన్నారు.

ఇప్పుడున్న పద్ధతి ఇది. ముందు బ్రస్సెల్స్‌లోని యూనియన్ అధికారులు ఆ ప్రాంతంలో అసలు సమస్యేమిటి, సైన్యం వల్ల ప్రయోజనం ఉందా అని ఒక పత్రం తయారుచేస్తారు. తర్వాత సంక్షోభ నిర్వహణ భావన అనే రెండో పత్రం: లక్ష్యం ఏమిటి, ఎంతకాలం, ఎలా ముగించాలి. రాయబారులు కూర్చునే రాజకీయ భద్రతా కమిటీ, సేనాధిపతుల ప్రతినిధుల సైనిక కమిటీ దాన్ని నలిపి మంత్రుల మండలికి పంపుతాయి. మండలి ఏకగ్రీవంగా నిర్ణయం తీసుకుని కమాండర్‌నూ ప్రధాన కార్యాలయాన్నీ ప్రకటిస్తుంది. ఇంకా సైనికుడు ఒక్కడూ కదల్లేదు. కమాండర్ తన వ్యూహం రాస్తాడు, దానికి ఏమేం కావాలో జాబితా ఇస్తాడు. ఆ జాబితా పట్టుకుని అన్ని దేశాలనూ ఒక గదిలో కూర్చోబెట్టి ఎవరేమిస్తారు అని అడుగుతారు. దీన్నే బలగాల సమీకరణ సమావేశం అంటారు. అది నిండాక పూర్తి ప్రణాళిక, కాల్పుల నియమాలు. మళ్ళీ మండలి, మళ్ళీ ఏకగ్రీవం. అప్పుడు బయలుదేరుతారు.

ఇరుక్కునేది దాదాపు ఎప్పుడూ సమీకరణ సమావేశంలోనే. 2007 అక్టోబరులో చాద్, మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లకు దళాన్ని పంపాలని మండలి నిర్ణయించింది. పక్కనే సూడాన్‌లోని దార్ఫుర్ నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులను కాపాడడం పని. ఐర్లండ్ జనరల్ ప్యాట్రిక్ నాష్ కమాండర్, కార్యాలయం పారిస్ పక్కన మోన్ వలేరియన్‌లో. పదాతి సైనికులు దొరికారు. హెలికాప్టర్లు దొరకలేదు, ఫీల్డ్ ఆసుపత్రి దొరకలేదు, రవాణా విమానాలు దొరకలేదు. సమావేశం ఒకటి కాదు, అయిదుసార్లు పెట్టాల్సి వచ్చింది. చాద్‌కు సముద్రం లేదు. సరుకంతా కామెరూన్‌లోని దౌవాలా రేవులో దించి, సుమారు 2,000 కిలోమీటర్లు లారీల్లో తోలాలి. వానలు పడితే తూర్పున దారులు మూసుకుపోతాయి. అలాంటి చోట హెలికాప్టర్ లేకపోతే గాయపడ్డ సైనికుణ్ణి వేళకు ఆసుపత్రికి చేర్చలేం. చేర్చలేనప్పుడు ఏ దేశ పార్లమెంటూ తన పిల్లల్ని పంపదు. 2008 జనవరి 28న మొదలుపెట్టామని ప్రకటించారు. చివరికి 3,700 మంది దాకా చేరారు. అందులో సగానికి పైగా ఫ్రెంచివాళ్ళే. హెలికాప్టర్ల లోటు తీరడానికి నాలుగింటిని రష్యా ఇచ్చింది. ఇరవై ఏడు దేశాల కూటమి నాలుగు హెలికాప్టర్లకు బయటి దేశం వైపు చూడాల్సి వచ్చిందంటే, ఆ దేశాల దగ్గర అవి లేక కాదు. ఎవరూ వాటి ఖర్చూ ప్రమాదమూ తమ నెత్తిన వేసుకోవడానికి సిద్ధపడలేదు.

అంకెల్లోనూ ఇలాంటి భ్రమే ఒకటి ఉంది. 1999 డిసెంబరులో హెల్సింకీలో 50,000 నుంచి 60,000 మందిని అరవై రోజుల్లో దించి, ఏడాదిపాటు అక్కడే నిలబెట్టగలగాలి అని లక్ష్యం పెట్టుకున్నారు. వినడానికి అరవై వేలే. కానీ ఒక బృందం మైదానంలో ఉన్నప్పుడు ఇంకో బృందం శిక్షణలో, మూడోది తిరిగొచ్చి విశ్రాంతిలో ఉండాలి. అసలు అవసరం దాదాపు 1,80,000. ఆ లెక్క నిండలేదు.

## బిల్లు ఎవరి పేరున

పెద్ద సైన్యం కుదరనప్పుడు చిన్నదైనా సిద్ధంగా ఉంచుదామని 'బ్యాటిల్‌గ్రూప్' ఆలోచన వచ్చింది. ఒక్కొక్కటి 1,500 మంది. ఆరు నెలల చొప్పున రెండు గ్రూపులు కాచుకుని ఉండాలన్నది పద్ధతి. మండలి నిర్ణయించాక పది రోజుల్లో కదలాలి, ముప్పై రోజులు సొంతంగా నిలవాలి, సరఫరా అందితే 120 రోజులు. 2007 జనవరి నుంచి ఇవి పూర్తి సిద్ధం. ఒక్కసారీ వాడలేదు. 2008 చివర్లో తూర్పు కాంగోలో జనం చెల్లాచెదురవుతుంటే ఐక్యరాజ్యసమితి అడిగింది, అప్పుడూ పంపలేదు.

ప్రణాళిక ఉంది, శిక్షణ ఉంది, మనుషులు యూనిఫాం వేసుకుని ఎదురుచూస్తున్నారు. ఎందుకు కదల్లేదు? ఖర్చు ఎక్కడ పడితే అక్కడే అన్న సూత్రం వల్ల. సైనిక చర్యల ఖర్చును యూనియన్ బడ్జెట్‌లోంచి పెట్టకూడదని ఒడంబడికే చెబుతుంది. కొంత భాగం, ప్రధాన కార్యాలయం లాంటివి, జాతీయాదాయాన్ని బట్టి అందరూ వేసుకునే ఉమ్మడి పద్దులోకి వస్తుంది. అది మొత్తంలో పదో వంతుకు అటూ ఇటూ. మిగతాదంతా పంపినవాడిదే: జీతాలు, విమాన గంటలు, గుండ్లు, పాడైన వాహనాలు. అంటే సంక్షోభం వచ్చిన ఆరు నెలల్లో ఎవరి వంతు పడిందో వాళ్ళే చెల్లించాలి. నిర్ణయం ఇరవై ఏడు మందిది, బిల్లు ఇద్దరు ముగ్గురిది. వంతు ఉన్న దేశం ఏకగ్రీవం అనే గదిలోనే కూర్చుని ఉంటుంది, చెయ్యెత్తి వద్దంటే అయిపోయింది. తర్వాత రవాణా ఖర్చులో కొంత ఉమ్మడి పద్దులోకి తెచ్చారు, 2021లో యూరోపియన్ శాంతి నిధి పెట్టారు. 2022లో ఆమోదించిన వ్యూహపత్రంలో 5,000 మంది సత్వర దళం అన్నారు. మూలసూత్రం మాత్రం పెద్దగా కదల్లేదు.

ఈ విషయం తుంగభద్ర నీళ్ళు తాగే జిల్లాల వాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. 212 టీఎంసీల్లో కర్ణాటకకు 138.99, ఆంధ్రకు 66.5, తెలంగాణకు 6.51 అన్నది పంపకం. అది కాగితమే. దాన్ని రోజూ నీళ్ళుగా మార్చేది హోస్పేట దగ్గర కూర్చునే తుంగభద్ర బోర్డు. ఏ రాష్ట్రం ఎన్ని క్యూసెక్కులకు ఇండెంట్ పెట్టింది, ఎంత వదిలారు, నిర్వహణ ఖర్చులో ఎవరి వాటా ఎంత అన్నవి అక్కడ లెక్కల్లో ఉంటాయి. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోతే మరమ్మతు బోర్డు పని. ఎవరి వంతు నడుస్తోందో వాళ్ళే గేటు కొనాలి అని నియమం ఉంటే ఆ గేటు ఎన్నాళ్ళకు పడేదో ఊహించుకోవచ్చు. అయితే బోర్డుకు పైన కేంద్రం ఉంది, ట్రిబ్యునల్ ఉంది, సుప్రీంకోర్టు ఉంది. అన్నీ ఉన్నా కాలువ చివరి పొలాలకు కేటాయింపు పూర్తిగా అందదు. సార్వభౌమ దేశాల పైన ఆ మాత్రం పెద్దదిక్కు కూడా లేదు. అందుకే వాళ్ళ మధ్య ఖర్చు సూత్రం ముందే రాసిపెట్టుకోవడం ఇంకా ముఖ్యం.

నాటోలోనూ ఉమ్మడి పద్దు చిన్నదే, సభ్యుల మొత్తం రక్షణ ఖర్చులో సుమారు 0.3 శాతం. అయినా అది పెట్టే చోటు సరైనది: కమాండ్ కార్యాలయాలు, ఇంధన పైపులైన్లు, రన్‌వేలు, సమాచార వ్యవస్థ, రాడార్ విమానాలు. ఎవరికి వారు కొనుక్కోనివీ, అందరికీ కావలసినవీ. 2024-25లో అందులో అమెరికా, జర్మనీల వాటా సమానం, ఒక్కొక్కరిది 16 శాతానికి కాస్త తక్కువ. మిగతా పెద్ద ఖర్చుకు దేశాల మధ్య విడి ఏర్పాట్లు ఉంటాయి. లిథువేనియాలో జర్మనీ 45వ పాంజర్ (ట్యాంకుల) బ్రిగేడ్‌ను శాశ్వతంగా పెడుతోంది, 2027కి 4,800 మంది సైనికులు, 200 మంది పౌర ఉద్యోగులు. సైనికుల ఖర్చు జర్మనీది. బారకాసులు, ట్యాంకుల ఫైరింగ్ రేంజి లిథువేనియా కట్టాలి. సైనికుల భార్యాబిడ్డలకు ఇళ్ళు, బడులు కూడా ఆ లెక్కలోనే. బడి లేకపోతే కుటుంబం రాదు, కుటుంబం రాకపోతే సైనికుడు అక్కడికి స్వచ్ఛందంగా పేరివ్వడు. రక్షణ విధానం అంటే ఈ స్థాయి దాకా దిగి ఆలోచించాల్సిన పని.

## గుండు పడుతుంది, గురి కుదరదు

155 మిల్లీమీటర్ల ఫిరంగి గుండు నాటో ప్రమాణం. 52 క్యాలిబర్ గొట్టానికి, అంటే వ్యాసానికి 52 రెట్లు పొడవున్న గొట్టానికి, మందు నిండే గది 23 లీటర్లు ఉండాలని కూడా ఒప్పందం ఉంది. కాబట్టి ఏ దేశపు గుండైనా ఏ దేశపు ఫిరంగిలోనైనా పేలాలి. ఉక్రెయిన్‌కు రకరకాల దేశాల ఫిరంగులు, రకరకాల దేశాల గుండ్లు వెళ్ళాక అసలు సంగతి బయటపడింది. గుండు లోపలికి పడుతుంది. కానీ దాని బరువు, ఆకారం, వెనక పెట్టే మందు సంచుల బలం కొద్దిగా తేడా ఉంటే పడే చోటు వందల మీటర్లు మారుతుంది. ఆ తేడాను లెక్కగట్టే పట్టిక ఆ ఫిరంగి కంప్యూటర్లో ఉండాలి. లేకపోతే గన్నర్ తొలి గుండ్లు గురి సరిచేసుకోవడానికే ఖర్చుపెట్టాలి, ఆలోగా శత్రువు రాడార్ అతణ్ణి పట్టేస్తుంది. ప్రమాణం మీద సంతకం పెట్టిన దేశాలు కొన్ని తమ పరిశ్రమ కోసం మినహాయింపులు పెట్టుకున్నాయి. ఆ మినహాయింపుల ధర యుద్ధంలో తెలిసింది.

2023 మార్చిలో యూనియన్ పన్నెండు నెలల్లో పది లక్షల గుండ్లు ఇస్తామంది. గడువు నాటికి ఇచ్చింది సుమారు 5,24,000. డబ్బుంది, ఉమ్మడి కొనుగోలు టెండర్లున్నాయి, రాజకీయ సంకల్పమూ ఉంది. లేనివి గుండులో నింపే పేలుడు పదార్థం టీఎన్‌టీ, గుండును తోసే మందుకు కావలసిన నైట్రోసెల్యులోజ్. నైట్రోసెల్యులోజ్‌కు ముడిసరుకు పత్తి గింజకు అంటుకుని మిగిలే పొట్టి నూగు, లింటర్. ఆదోని మార్కెట్ తెలిసినవాళ్ళకు జిన్నింగ్ అయ్యాక గింజ మీద మిగిలే ఆ నూగు ఏమిటో చెప్పనక్కర్లేదు. యూరప్‌కు అది ఎక్కువగా చైనా నుంచి వస్తుంది. కొన్నేళ్ళకు సరిపడా ఆర్డరు చేతికి రానిదే ఏ కంపెనీ కొత్త లైను పెట్టదు. దేశాలేమో ఏడాదికి సరిపడా బడ్జెటే ఇస్తాయి. అందుకే 2025 మేలో యూనియన్ 150 బిలియన్ యూరోల రుణ పథకం తెచ్చి, పరికరం విలువలో కనీసం 65 శాతం యూనియన్, దాని సన్నిహిత దేశాలు, ఉక్రెయిన్‌ల లోపలే తయారవ్వాలని షరతు పెట్టింది. ఆ షరతు మంచిదేనా అంటే సందేహం ఉంది. క్షిపణులను ఆపే గగనతల రక్షణ వ్యవస్థల లాంటివి ఇవాళ కావాలి, అవి అమెరికా, దక్షిణ కొరియాల దగ్గర సిద్ధంగా ఉన్నాయి. స్వావలంబన కోసం ఆగితే లోటు అయిదారేళ్ళు నడుస్తుంది. ఆగకపోతే ఆ లోటు ఎప్పటికీ తీరదు. ఈ చిక్కుకు తేలికైన జవాబు లేదు.

## వాక్యానికి విలువే లేదా

ఉంది. ఈ వాదనకు ఎదురయ్యే బలమైన ప్రశ్న ఇదే, దాన్ని దాటెయ్యకూడదు. 1949 నుంచి 1951 దాకా నాటోకు ఉన్నది వాక్యమే, అయినా స్టాలిన్ దాడి చెయ్యలేదు. ఐదో అధికరణంలోని మెత్తదనం కూడా ఒక రకంగా బలమే. ఏం చేస్తారో ముందే తెలియనప్పుడు శత్రువు లెక్క తప్పుతుంది. అణ్వస్త్రాలున్న దేశం పక్కన నిలబడతానంటే ఆ అనుమానం ఇంకా పెరుగుతుంది. కానీ అణు గొడుగుకు కూడా నాటో 1966లో ప్రత్యేక ప్రణాళికా బృందం పెట్టుకుంది. విమానం ఎవరిది, బాంబు ఎవరిది, తాళం ఎవరి దగ్గర అన్నవి తేల్చుకున్నాకే ఆ గొడుగును నమ్మింది.

రెండో అభ్యంతరం ఇంకా పదునైనది: యంత్రాంగం ఉన్నా మనసు లేకపోతే? బ్యాటిల్‌గ్రూపులే సాక్ష్యం. 1974లో సైప్రస్‌లో ఎదురెదురు నిలిచిన గ్రీస్, తుర్కియే రెండూ నాటో సభ్యులే. సైప్రస్ గొడవ వల్ల ఇవాళ్టికీ నాటో, యూరోపియన్ యూనియన్ రహస్య సమాచారం సాఫీగా పంచుకోలేకపోతున్నాయి. బ్రస్సెల్స్‌లో రెండిటి కార్యాలయాలూ ఒకే నగరంలో ఉండి కూడా. నిజమే, యంత్రాంగం మనసును పుట్టించదు. కానీ మాట తప్పడాన్ని ఖరీదైన పని చేస్తుంది. లిథువేనియాలో అయిదు వేల మంది జర్మన్లు, వాళ్ళ కుటుంబాలు ఉన్నాక, అక్కడ దాడి జరిగితే బెర్లిన్ కూర్చుని ఆలోచించే ప్రశ్న మారిపోతుంది. వీటోకూ చిన్న దారులు ఉన్నాయి. ఓటు వెయ్యకుండా పక్కకు తప్పుకుని మిగతావాళ్ళకు దారి వదలడం అందులో ఒకటి. 2008లో కొసోవో మిషన్ విషయంలో సైప్రస్ అలాగే చేసింది.

## రియాద్ కాగితాన్ని ఎలా చదవాలి

సౌదీ, పాకిస్తాన్ ఒప్పందం పూర్తి పాఠం బయటపెట్టలేదు. చరిత్ర మాత్రం బయటే ఉంది. 1980ల్లో వేలమంది పాక్ సైనికులు సౌదీలో ఉన్నారు, శిక్షణ సంబంధాలు అంతకన్నా పాతవి. అంత దగ్గరితనం ఉండి కూడా 2015లో యెమెన్ యుద్ధానికి సైన్యం పంపమని సౌదీ అడిగితే, ఏప్రిల్ 10న పాక్ పార్లమెంటు తటస్థంగా ఉంటామని తీర్మానించింది. పాకిస్తాన్ వైపు నుంచి చూసినా పాఠం అదే. 1954లో ఆగ్నేయాసియా రక్షణ కూటమి సియాటోలో, మరుసటి ఏడాది పశ్చిమాసియా కూటమి బాగ్దాద్ ఒప్పందంలో చేరింది. కమ్యూనిస్టు దాడికి మాత్రమే అని అమెరికా సియాటోలో ముందే షరతు రాసుకుంది. 1965లో భారత్‌తో యుద్ధం వచ్చినప్పుడు ఆ కూటములు పాక్‌కు సైన్యం పంపలేదు, అమెరికా భారత్, పాక్ ఇద్దరికీ ఆయుధాలు ఆపేసింది. ఆ రెండు కూటముల్లోనూ నాటో లాంటి ఉమ్మడి కమాండ్ లేదు.

కాబట్టి ఇకమీదట చూడాల్సినవి ప్రకటనలు కావు. రియాద్‌లోనో రావల్పిండిలోనో శాశ్వత ఉమ్మడి ప్రణాళికా కార్యాలయం తెరుస్తారా? పాక్ బ్రిగేడ్ ఏదైనా ఆయుధాలు, గుండ్ల నిల్వలతో సహా సౌదీలో కుదురుకుంటుందా, దాని ఖర్చు సౌదీ బడ్జెట్‌లో కనపడుతుందా? సౌదీ నడిపేవి అమెరికా ఎఫ్-15లు, యూరప్ టైఫూన్లు. పాక్ కొత్త విమానాలు చైనా జె-10లు, చైనాతో కలిసి చేసిన జెఎఫ్-17లు. ఒకదాని రాడార్ చూసిన బొమ్మ రెండోదానికి చేరాలంటే డేటా లింకు కలవాలి, దానికి అమెరికా ఒప్పుకోవాలి. ఈ ముడి విప్పకుండా రెండు వాయుసేనలు ఒకే ఆకాశంలో యుద్ధం చెయ్యడం కష్టం. దీనికన్నా ముందే జరగగలిగేవి వేరే ఉన్నాయి: డబ్బు సాయం, చమురు అప్పు, శిక్షకులు. అవి భారత్‌కు పట్టించుకోవాల్సిన విషయాలే. వాటికీ సౌదీ సైన్యం మన మీదికి రావడానికీ చాలా దూరం.

భారత్ దీనికి సరిగ్గా తలకిందుల దారిలో నడుస్తోంది. ఎవరితోనూ ఆ వాక్యం రాసుకోలేదు, రాసుకోదు కూడా. కానీ అమెరికాతో 2016లో ఇంధనం, మరమ్మతుల పరస్పర సరఫరాకు లెమోవా, 2018లో గుప్త సమాచార పరికరాలకు కామ్‌కాసా, 2020లో పటాలు, ఉపగ్రహ సమాచారానికి బెకా కుదుర్చుకుంది. ఓడ రేవుకొస్తే డీజిల్ ఎవరి ఖాతాలో పొయ్యాలి, రేడియోకు తాళం ఎవరిస్తారు అన్నవాటికి జవాబు సిద్ధంగా ఉంది, కలిసి పోరాడతామన్న మాట మాత్రం లేదు. దీంతో ఎంత లాభం, ఎంత ప్రమాదం అన్నది విడిగా రాయాల్సిన విషయం.

గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇళ్ళకు సంబంధించినంతవరకు 2015 ఏప్రిల్‌ను గుర్తుపెట్టుకోవచ్చు. యెమెన్ మీద బాంబులు వేస్తున్నది సౌదీ నాయకత్వంలోని కూటమే. ఆ యుద్ధం మధ్యలోంచే 4,600 మందికి పైగా భారతీయులను, 900 మందికి పైగా విదేశీయులను మన వాయుసేన, నౌకాదళం, ఎయిరిండియా బయటికి తెచ్చాయి. సనా విమానాశ్రయంలో దిగి లేవడానికి రోజుకు కొన్ని గంటల వ్యవధి సౌదీ ఇచ్చింది. ఢిల్లీ, రియాద్‌ల మధ్య ఆ ఫోను లైన్లు ఇప్పుడూ అలాగే పనిచేస్తున్నాయా అన్నది, సెప్టెంబరు 17 నాటి వాక్యంకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న.